హోరులో పేరు

హెల్మ్‌షా ఊళ్ళో గావిన్ మకాస్లన్ అనే మనిషి లేడు. టామ్ వెబ్ అనే వాడున్నాడు. బాయిలర్ల కార్ఖానాలో ఉద్యోగం, మిసెస్ పిల్లింగ్ ఇంట్లో మేడమీద గది, శనివారం వస్తే ఊరి జట్టు తరఫున బంతాట, అన్నీ ఆ టామ్ వెబ్‌వే. ఆ వెబ్బే గావిన్ అని తెలిసినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే, బంతాట క్లబ్బు కార్యదర్శి ఆర్మరాడ్. కార్ఖానాకు మేనేజరు కూడా ఆయనే కాబట్టి అబద్ధాలన్నీ ఒకే కప్పు కింద సర్దుకున్నాయి.

సోమవారం పొద్దున మిసెస్ పిల్లింగ్ ఓట్ల జావ గిన్నె అతని ముందు పెట్టి, అడక్కుండానే పైన పంచదార గుమ్మరించింది. గావిన్ ఇంట్లో జావలో ఉప్పు వేసుకుంటారు. ఆ మాట మొదటిరోజే చెప్పి ఉండాల్సింది. చెబితే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని మీదే వైపు, మీ వాళ్ళెవరు అని ఆరా తీస్తుందని ఊరుకున్నాడు. ఇప్పుడిక చెప్పడానికి మొహం చెల్లదు.

"తిను నాయనా, తిను. నీ వంటికి ఏదీ పట్టట్లేదు," అంది ఆవిడ. "మొన్న శనివారం ఆటకొచ్చాన్లే. నువ్వు బంతిని ఎవరూ లేని చోటికి తంతుంటే మా వీధివాళ్ళంతా ఒకటే నవ్వు. మీ ఇంట్లో ఉండే ఆయనకి కళ్ళు కనపడవా అని నన్నడుగుతారు! నేనేం చెప్పను?"

"కనపడతాయమ్మా," అన్నాడు గావిన్. అంతకంటే పొడుగు మాట మాట్లాడితే యాస బయటపడిపోతుంది.

ఎవరూ లేని చోటికి తన్నడం. స్కాట్లండ్‌లో, క్లైడ్ నది ఒడ్డున తన సొంతూరు బల్‌నాక్‌లో దాన్ని ఎవరూ అలా అనరు. అక్కడ గావిన్ ఎడమ అంచున పరిగెత్తేవాడు, వాళ్ళన్న మర్డో పక్కనే లోపలి చోటులో ఆడేవాడు. మర్డో బంతిని తమ్ముడున్న చోటికి పంపడు, తమ్ముడు చేరబోయే చోటికి పంపుతాడు. తలెత్తి చూడను కూడా చూడడు. ఇక్కడివాళ్ళ పద్ధతి వేరు. బంతి దొరికినవాడు దాన్ని చంటిపిల్లలా కాళ్ళ మధ్యే పొదువుకుని, అడ్డొచ్చిన వాణ్ణల్లా గుద్దుకుంటూ పోతాడు. పోయినంత దూరం పోయి బోర్లా పడతాడు. పడితే జనం చప్పట్లు కొడతారు. గావిన్ ఖాళీ జాగా చూసి బంతి పంపుతాడు. ఆ జాగాలోకి ఎవడూ రాడు. బంతి తన దారిన తాను దొర్లి, గీత దాటి, బురదలో ఆగుతుంది. దాన్ని చూస్తే గావిన్‌కు ఏడుపొచ్చేది. ముఖాన చెమట తుడుచుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

కార్ఖానాలో అతని ఉద్యోగం ఇంకా అన్యాయం. బల్‌నాక్ ఓడల కార్ఖానాలో వేసవినుంచి పని లేక సమ్మెట దింపి వచ్చిన పనివాడు గావిన్. ఇక్కడ చుట్టూ సమ్మెటలే. అతని చేతికి మాత్రం ఆర్మరాడ్ సుద్దముక్క ఇచ్చాడు. ఇనప రేకుల మీద మేస్త్రీ పెట్టిన గుర్తుల మీదే మళ్ళీ గుర్తులు పెడుతూ తిరగాలి. "ఆ చేతులు, ఆ కాళ్ళు క్లబ్బువి. వేలు నలిగిందంటే నేనొప్పుకోను," అని మొదటిరోజే హెచ్చరించాడు. అందరూ చెమటోడుస్తుంటే మధ్యలో గోళ్ళు గిల్లుకుంటూ తిరగడం ఎంత సిగ్గో పని తెలిసినవాడికే తెలుస్తుంది.

"వచ్చాడ్రోయ్ సుద్దముక్క దొర!"

ఆ అరుపు ఈనాక్ హాస్లమ్‌ది. ముప్పై దాటిన మనిషి. చిన్నతనం నుంచీ బాయిలర్ల దగ్గరే పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. తన మాట తనకు వినపడదు గనుక ఏం మాట్లాడినా కేకే. పెళ్ళాంతో ముద్దు మాట చెప్పినా వీధి చివరిదాకా వినిపిస్తుందని ఊళ్ళో నవ్వుకుంటారు. గావిన్ వచ్చేదాకా జట్టులో ఎడమవైపు లోపలి చోటు ఈనాక్‌దే. ఇప్పుడు శనివారాల్లో మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల జనంలో నిలబడి ఆట చూస్తున్నాడు.

"నా చోటు తీసుకున్నావ్, సరే," అన్నాడు ఈనాక్ గట్టిగా. "తీసుకున్నవాడివి అందులో ఏం పొడిచావ్? బంతుల్ని గాలికొదిలేస్తున్నావ్! నేనైతే కనీసం ఇద్దర్ని పడగొట్టి నేనూ పడేవాణ్ణి!"

చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు. గావిన్ ఒంగుని రేకు మీద సుద్దతో గీత గీశాడు.

మంగళవారం నాటికి ఈనాక్‌కు నవ్వే తీరిక లేకుండా పోయింది. అతని జోడీ సేత్ రొమ్ము పట్టేసి మంచాన పడ్డాడు. సేత్‌ది ఎడంచేతి వాటం. రేకుల్ని కలిపి బిగించే రివెట్టు మేకు కొట్టే పనిలో ఇద్దరు ఎదురూబొదురూ నిలబడాలి, ఒకడు కుడిచేతి వాటం, ఒకడు ఎడంచేతి వాటం. కొలిమిలోంచి ఎర్రగా వచ్చిన రివెట్టును రంధ్రంలో దూర్చి, బాయిలర్ లోపల కూర్చున్నవాడు బరువు అదిమిపెడితే, బయట కొస మీద రెండు సమ్మెటలూ ఒకదాని వెంట ఒకటి దిగాలి. ఎరుపు చల్లారేలోపు తల గుండ్రంగా కట్టాలి. ఇద్దరూ కుడిచేతివాళ్ళైతే ఒకడి మోచెయ్యి ఇంకొకడి దారిలోకి వస్తుంది. సేత్ చోట నిలబెట్టిన మనిషి కుడిచేతివాడు. రివెట్లు వంకర తిరుగుతున్నాయి. కొట్టినవాటిని మళ్ళీ ఉలితో నరికి తియ్యాల్సొస్తోంది. బాయిలర్ శుక్రవారం బండెక్కాలి. మేస్త్రీ తిట్టని తిట్టు లేదు.

గావిన్ చాలాసేపు చూశాడు. ఒక రివెట్టు ఎర్రగా వచ్చి, కంది, నల్లబడి, తల కట్టకుండానే చల్లారిపోయింది. ఇక ఉండబట్టలేకపోయాడు. సుద్దముక్క జేబులో వేసుకుని, ఆ కొత్తవాడి భుజం తట్టి, చేతిలో సమ్మెట తీసుకున్నాడు. ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పట్టి నిలబడ్డాడు.

ఈనాక్ ఎగాదిగా చూశాడు. "నువ్వా? కాళ్ళమీద పడేసుకుంటావ్, చూసుకో!"

హెల్మ్‌షాలో ఒక అలవాటుంది. కొత్త రివెట్టు రాగానే కుడిచేతివాడు మొదటి దెబ్బ వేసి, జోడీని పేరుపెట్టి కేకేస్తాడు. ఆ కేక మీద రెండో సమ్మెట దిగాలి. తర్వాత దెబ్బలు వాటంతటవే నడుస్తాయి.

"వెబ్!" అని అరిచాడు ఈనాక్.

సమ్మెట ఆలస్యంగా దిగింది. తర్వాతి రివెట్టుకూ అంతే. ఆ పేరు వినిపించాక అది తనేనని గావిన్‌కు గుర్తు రావాలి, ఆ తర్వాత చెయ్యి కదలాలి. ఈలోపు ఇనుము చల్లారుతోంది.

"చెవుడు నాకా, నీకా?" అని ఈనాక్ విసుక్కున్నాడు. "పిలుస్తుంటే పలకవేం?"

పక్క బాయిలర్ల మీద సమ్మెటలు హోరెత్తిపోతున్నాయి. ఎవడి మాట ఎవడికీ వినపడని హోరు. గావిన్ అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, ఈనాక్ చెవిలో నోరు పెట్టి, ప్రాణమంతా కూడదీసుకుని అరిచాడు.

"నా పేరు గావిన్! వెబ్ కాదు! గావిన్ మకాస్లన్! ఇక్కడ తప్ప ఇంకెక్కడా అనకు!"

ఆ పేరు నోటితో అని ఎన్నాళ్ళైందో. అని వెనక్కి జరిగాక చేసిన పని అర్థమైంది. కోపంతో కాచుకున్న మనిషికి చేతులారా తాళంచెవి ఇచ్చాడు. ఆ పేరు బయట ఎక్కడైనా జారవిడిస్తే చాలు, ఈనాక్ చోటు ఈనాక్‌కు వచ్చేస్తుంది.

ఈనాక్ ఒక్క క్షణం అతని ముఖంలోకి చూశాడు. తల ఊపి, కొత్త రివెట్టు కోసం సైగ చేశాడు. అది ఎర్రగా వచ్చి కూర్చుంది. మొదటి దెబ్బ వేశాడు.

"గావిన్!"

పిలుపు పూర్తికాకుండానే సమ్మెట దిగింది. తర్వాత కుడి, ఎడమ, కుడి, ఎడమ. తల గుండ్రంగా, మెరుస్తూ తేరింది. మేస్త్రీ తిట్టు సగంలో మింగేశాడు. ఆ రోజంతా బాయిలర్ చుట్టూ జరుగుతూ కొట్టారు. ప్రతి రివెట్టుకూ ఈనాక్ ఆ పేరు కేకేశాడు. హోరులో ఇంకెవరికీ వినపడదు. గావిన్ చెవులకు మాత్రం చల్లగా తగులుతోంది. సాయంత్రానికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి. మిసెస్ పిల్లింగ్ అయ్యో అయ్యో అంటూ వెన్న రాసింది. గావిన్ ఆ రాత్రి పడుకోగానే నిద్రపోయాడు.

బుధవారం మధ్యాహ్నం కొలిమి పక్కన కూర్చుని ఇద్దరూ బంగాళాదుంప కూరిన రొట్టె తింటున్నారు. ఈనాక్ సగం నమిలిన ముద్దతోనే కేకేశాడు. "మరి ఇంత వాటంగా కొట్టేవాడివి, ఆటలో ఆ తిక్క తన్నులేంటి?"

గావిన్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఇన్నాళ్ళకు దానికి పని దొరికింది. ఎదురుగా ఉన్న రేకు మీద మైదానం గీశాడు. అంచున ఒక చుక్క పెట్టి తన రొమ్ము మీద తట్టుకున్నాడు. లోపల ఒక చుక్క పెట్టి ఈనాక్ రొమ్ము మీద తట్టాడు. రెండో చుక్కనుంచి గోలు వైపు గీత లాగి, ఆ గీత కొసకు బంతిని పంపించాడు. తర్వాత ఈనాక్ చెవి దగ్గర వంగాడు.

"నువ్వు పిలిచినప్పుడు నేను చూస్తున్నానా? చూడను. రివెట్టు అక్కడుంటుందని తెలుసు, కొడతాను. ఇదీ అంతే. నేను పంపేది నువ్వున్న చోటికి కాదు. నువ్వొచ్చే చోటికి."

ఈనాక్ రేకు వంక నోరు తెరుచుకుని చూశాడు. "అంటే నువ్వు ఇన్నాళ్ళూ గాలికి తన్నలేదా?"

"మీరే రాలేదు."

ఈనాక్ ఫెళ్ళున నవ్వాడు. ఆ నవ్వుకు అవతల కొలిమి దగ్గరివాళ్ళు కూడా తలలు తిప్పారు. నవ్వు తగ్గాక, అతనికి చేతనైనంత మెల్లగా, అంటే మామూలు మనిషి మాట్లాడేంత గట్టిగా అడిగాడు. "మరి పేరెందుకు దాచుకున్నావు? ఎవర్నైనా పొడిచొచ్చావా ఏంటి?"

"జీతానికి ఆడుతున్నా," అన్నాడు గావిన్ అతని చెవిలోనే. "అది తెలిస్తే మా వైపు ఏ మైదానంలోనూ కాలు పెట్టనివ్వరు. కొత్త సంవత్సరం రాగానే మా ఊళ్ళో కొత్త ఓడకు అడుగుదూలం వేస్తారు, పని మొదలవుతుంది. నేను వెళ్ళిపోతా. మా అన్న నేను బెల్‌ఫాస్ట్‌లో పనిలో ఉన్నానని అందరికీ చెప్పి, ఎడమ అంచు ఖాళీగా అట్టిపెట్టాడు. ఎవర్నీ ఆడనివ్వట్లేదు, ఎవరొచ్చినా కుదరట్లేదంటున్నాడు."

"ఆడి తింటే తప్పేంటి? మేమిక్కడ కొట్టి తినట్లేదూ?"

"తిండికి లోటు లేనివాళ్ళు పెట్టిన తప్పు అది," అన్నాడు గావిన్. ఈనాక్ దానికి గట్టిగా ఒక బూతు తిట్టాడు. ఎవర్నని అడిగే అవసరం లేదు.

గురువారం ఆర్మరాడ్ పిలిపించాడు. గది తలుపు వేసి, ముందు గావిన్ చేతులు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"నీకేం పుట్టింది అబ్బాయ్! నిన్ను సమ్మెట కొట్టడానికి తెచ్చుకున్నానా? ఇప్పుడిది చాలదన్నట్టు ఇంకోటి. గ్లాస్గో నుంచి ఆట సంఘం మనిషి ఒకాయన దిగాడట. ఊరూరా తిరిగి ఆటలు చూస్తున్నాడు, జీతానికి ఆడే స్కాట్లండ్ కుర్రాళ్ళెవరున్నారో పోల్చుకోడానికి. క్లబ్బులతో ఆయనకి పని లేదు, మనుషులతోనే. శనివారం మన దగ్గరికొస్తాడు."

గావిన్ తలుపు వేసే ఉందో లేదో చూసుకున్నాడు. "నా ముఖం తెలుసా ఆయనకి?"

"ముఖాలు తెలీవు. ఊళ్ళు తెలుసు, పేర్లు తెలుసు, యాస తెలుసు. మాట వినపడితే ఏ ఊరివాడివో చెప్పేస్తాడట. కడుపునొప్పని ఇంట్లో పడుకుంటానంటావా, నీ ఇష్టం. ఆడతానంటే నాకు సంతోషం. కానీ నోరు విప్పకు. బంతి కావాలని కూడా అరవకు."

"ఇన్నాళ్ళూ అరిచానా?" అన్నాడు గావిన్. అరిస్తే వచ్చేవాడెవడని.

తలుపు దాకా వెళ్ళి ఆగాడు. ఇంట్లో పడుకోవడమే తెలివైన పని. అది అతనికీ తెలుసు. కానీ రేకు మీద సుద్దతో గీసిన ఆ గీత కళ్ళముందు నుంచి పోవడం లేదు. కొత్త సంవత్సరంలోపు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పంపిన బంతికి మనిషి ఎదురు రావడం చూడాలనిపించింది.

"ఆడతాను. నన్ను అంచుకు పంపండి. లోపల ఈనాక్‌ను వెయ్యండి."

"ఈనాక్‌నా? నువ్వంటే వాడికి ఒళ్ళుమంట కదయ్యా!"

"వెయ్యండి," అన్నాడు గావిన్. హెల్మ్‌షాకు వచ్చాక అతను అడిగిన మొదటి కోరిక అది.

శనివారం సన్నగా వాన. మైదానం ఒక వైపు పల్లం, అక్కడ చీలమండ దాకా బురద. పక్క ఊరి జట్టు మీద ఆట కాబట్టి తాడు చుట్టూ జనం కిక్కిరిశారు. గావిన్ ఎడమ అంచుకు వెళ్ళి నిలబడేసరికి ఆ మనిషి కనిపించాడు. గళ్ళ కోటు, నోట్లో పైపు, ఆరిపోయినా తియ్యడం లేదు. తాడు దగ్గరే, సరిగ్గా గావిన్ పరిగెత్తాల్సిన గీత పక్కన. ముసురులో అంత దూరం నుంచి వచ్చి ఒక్కడే నిలబడ్డాడు. ఆ ముఖం, ఆ నిలబడే తీరు చూస్తే గావిన్‌కు భయంతో పాటు ఇంకేదో కూడా కలిగింది. తమవైపు మనిషి. పలకరిస్తే ఎంత బావుండునో!

మొదటి సగంలో ఈనాక్ అంతా మర్చిపోయాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? బంతి ఎటుంటే అటు పరిగెత్తాడు, ఇద్దర్ని పడగొట్టాడు, తనూ పడ్డాడు. గావిన్ ముందుకు పంపిన బంతి రెండుసార్లూ ఒంటరిగా గీత దాటింది. తాడు అవతల నుంచి ఎవడో "కళ్ళద్దాలు కొనివ్వండ్రా వీడికి!" అన్నాడు. గళ్ళ కోటాయన నవ్వలేదు. బంతి వెళ్ళిన జాగా వైపు చూసి, గావిన్ వైపు చూశాడు. ఆ తన్ను ఎక్కడ నేర్చిన తన్నో ఆయనకు తెలిసే ఉంటుంది. కానీ తన్నుకు పేరుండదు.

అవతలివాళ్ళు ఒక గోలు వేశారు. సగం ఆట అయ్యాక నిమ్మచెక్కలు చప్పరిస్తున్నప్పుడు గావిన్ ఈనాక్ దగ్గరికి వెళ్ళాడు. నోరు విప్పే వీల్లేదు. జేబులోంచి సుద్దముక్క తీసి చూపించాడు, అంతే. ఈనాక్ దాన్ని చూశాడు. బురద నుదుటి మీదనుంచి తుడుచుకుని తల ఊపాడు.

రెండో సగం మొదలైన కాసేపటికి బంతి గావిన్ దగ్గరికి వచ్చింది. ఇద్దరు మీదికొచ్చారు. ఒకణ్ణి తప్పించుకున్నాడు, రెండోవాడు గీత మీదికి నెట్టుకొచ్చాడు. వెన్ను మైదానానికి తిరిగిపోయింది. ముఖం ఎదుట తాడు, తాడు మీద గళ్ళ కోటాయన చెయ్యి. లోపల ఎవరెక్కడున్నారో కనపడడం లేదు. ఇక బంతి పోతుందనుకున్నాడు.

"గావిన్!"

వెనకనుంచి, కుడివైపు ఖాళీలోంచి, వాననూ జనం గోలనూ చీల్చుకుని వచ్చిందా కేక. బాయిలర్ల మధ్య వచ్చే కేక. మైదానంలో హోరు లేదు. ఆ పేరు తాడు చుట్టూ ఉన్న ప్రతివాడికీ వినపడింది.

గళ్ళ కోటాయన పైపు నోట్లోంచి తీశాడు. ఆయన కళ్ళు సరిగ్గా గావిన్ ముఖం మీద నిలిచాయి. గావిన్ ఊరుకుంటే సరిపోయేది. వినపడనట్టు, ఆ పేరు తనది కానట్టు, బంతి పోగొట్టుకుని గీత దగ్గర నిలబడిపోతే చాలు. జనంలో ఎవడో ఎవణ్ణో పిలిచాడనుకునేవారు. బల్‌నాక్ మిగిలేది, మర్డో మిగిలేవాడు. ఇదంతా గావిన్‌కు తట్టింది. తట్టడమూ, ఎడమ మడమ బంతి కిందికి వెళ్ళడమూ ఒకేసారి జరిగాయి. చూడకుండా వెనక్కి తన్నాడు.

తిరిగి చూసేసరికి బంతి ఖాళీ జాగాలో దొర్లుతోంది. ఆ జాగాలోకి ఈనాక్ పరిగెత్తుకొస్తున్నాడు, రొప్పుతూ, చేతులు అడ్డదిడ్డంగా ఊపుకుంటూ. బంతీ మనిషీ ఒక్కచోటికి ఒక్కసారే చేరారు. ఆగకుండానే కొట్టాడు. గోలు కాపలావాడు కదల్లేదు.

జనం ముందు నోళ్ళు తెరిచారు, తర్వాత టోపీలు ఎగరేశారు. మిసెస్ పిల్లింగ్ పక్కావిణ్ణి మోచేత్తో పొడుస్తోంది. "కళ్ళు కనపడవన్నారుగా! చూశారా, వీపుతో చూశాడు మా వాడు!" గావిన్ గీత దగ్గరే నిలబడిపోయాడు. పంపిన బంతికి మనిషి ఎదురొచ్చాడన్న సంతోషం పట్టలేకున్నాడు.

"బల్‌నాక్ మకాస్లన్‌ల కుర్రాడివి కదూ?" అన్నాడు గళ్ళ కోటాయన తాడు అవతలనుంచి, మెత్తగా. అచ్చం ఇంటి యాస. "మర్డో తమ్ముడివి. బెల్‌ఫాస్ట్‌లో ఉన్నావన్నారే."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బావుండేది.

"అవునండీ, గావిన్‌ని," అన్నాడు గావిన్, తన యాసలోనే.

ఆయన తల ఊపి, పైపు జేబులో పెట్టుకుని, కోటు కాలరు పైకి లాక్కున్నాడు. ఏమీ రాసుకోలేదు, ఇంకేమీ అడగలేదు. జనంలోంచి దారి చేసుకుంటూ రైలు స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు. గావిన్ ఆ గళ్ళ కోటు కనపడినంతసేపు చూశాడు. రేపో ఎల్లుండో ఆ మాట బల్‌నాక్ చేరుతుంది. వచ్చే శనివారం మర్డో ఎడమ అంచుకు పంపే బంతికి ఎవరో ఒకరు దొరకాలి. దొరక్కపోతే అది కూడా ఒంటరిగా దొర్లి గీత దాటుతుంది.

ఈనాక్ ఇంకా గోలు దగ్గరే ఉన్నాడు. చుట్టూ జట్టువాళ్ళు వీపు మీద చరుస్తున్నారు. అతను ఇటు చూశాడు. గావిన్ ముఖం చూశాడు, వెళ్ళిపోతున్న మనిషిని చూశాడు. తన నోట ఏం వచ్చిందో అప్పుడు తెలిసింది. బురద చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు.

ఆట మళ్ళీ మొదలైంది. బంతి తిరిగి తిరిగి ఎడమ అంచుకే వచ్చింది. ఖాళీలోకి ఈనాక్ పరిగెత్తాడు, ఈసారీ సరిగ్గా పరిగెత్తాడు. కానీ పిలుపు ఎలా వచ్చిందంటే, ఆ గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని ఎవరూ అనుకోరు.

"వెబ్."

గావిన్ కాలు కదల్లేదు. బంతి పక్కవాడు తన్నుకుపోయాడు. జనం ఉసూరుమన్నారు. గావిన్ ఆటను అలాగే వదిలేసి, బురదలో అడుగులు లాగుతూ ఈనాక్ దగ్గరికి నడిచి వెళ్ళాడు. గావిన్ అతని మెడ మీద చెయ్యి వేసి, దగ్గరికి లాక్కుని, చెవిలో నోరు పెట్టి, మైదానమంతా వినపడేలా అరిచాడు.

"గావిన్ అనే పిలువు! ఇక ఫర్లేదు!"